శాన్ స్టార్మ్: ఉన్నట్టుండి ఇంజన్ ఆఫ్ అయిపోతా ఉంది, కాసేపాగితే మళ్ళీ అదే స్టార్ట్ అవుతా ఉంది. ఎవరికైనా అనుభవం ఉందా?

చిత్తూరు_స్టార్మ్

అన్నలందరికీ నమస్తే. నా దగ్గర శాన్ స్టార్మ్ ఉంది. తెలియనోళ్ళ కోసం చెప్తా, గోవాలో శాన్ మోటార్స్ వాళ్ళు తయారు చేసిన రెండు సీట్ల ఓపెన్ టాప్ బండి, బాడీ అంతా ఫైబర్, ఇంజన్ మాత్రం రెనాల్ట్ వాళ్ళ 1149 సీసీ పెట్రోల్, 60 హార్స్‌పవర్. దీన్ని స్పోర్ట్స్ కార్ అంటే నవ్వేటోళ్ళు నవ్వుకోండి, తెల్లారుజామున టాప్ తీసేసి మొగిలి ఘాట్‌లో తోలి చూస్తే అప్పుడు మాట్లాడదాం. తిరుమల కొండకి అయితే ఇంత పాత బండిని అలిపిరి దాటనీయరు కాబట్టి నాకు ఉండే ఘాట్ అదొక్కటే.

ఇంక విషయానికొస్తా. బెంగుళూరులో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, అప్పటికే పెయింట్ అంతా కొత్తగా కొట్టించి ఉంది, చూడ్డానికి ముత్యం మాదిరి ఉంది. కొన్ని నెలలు బాగానే తిరిగింది, ఎండాకాలం మొదలైనప్పటి నుంచీ ఈ తలనొప్పి. చిత్తూరు నుంచి బయల్దేరితే బంగారుపాళెం దాకా ఏమీ ఉండదు, ఘాట్ అంతా థర్డ్ గేర్‌లో లాగినా ఏమీ కాదు, పైకెక్కి పలమనేరు టౌన్‌లోకి పోయి ట్రాఫిక్‌లో నిలబడితే అప్పుడు ఇంజన్ ఒక దగ్గు దగ్గి టక్కున ఆఫ్ అయిపోతుంది. ఇక్కడ గాంధీ రోడ్డులో సాయంత్రం పూట కూడా ఇదే కథ. సెల్ఫ్ కొడితే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు. వెనకాల బస్సోడు హారన్ మీద చెయ్యి తియ్యడు, చుట్టూ జనం చేరి ఇదేం బండి ఎంత మైలేజీ అని అడుగుతా ఉంటారు, నేను బానెట్ తీసి ఏదో అర్థమైనట్టు చూస్తా ఉంటా. ఓ పదిహేను ఇరవై నిమిషాలకి ఏమీ జరగనట్టు స్టార్ట్ అయి ఇంటికొచ్చేస్తుంది. అట్లని ప్రతిసారీ అవుతుందా అంటే కాదు, వారమంతా బుద్ధిగా తిరిగిన రోజులూ ఉన్నాయి, మెకానిక్ దగ్గరికి తీసుకుపోయిన రోజు అస్సలు కాదు, ఆయన నన్ను అనుమానంగా చూస్తాడు.

ఇప్పటిదాకా ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, పెట్రోల్ ఫిల్టర్, చివరికి ఇగ్నిషన్ కాయిల్ కూడా మార్పించినా. కాయిల్ దొరకడానికే చెన్నై పుదుపేట అంతా తిరిగి వచ్చినా. థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించినా. స్కానర్ పెడితే ఆ మెషిన్ ఈ బండిని గుర్తుపట్టనే లేదు. ఇంజన్ ఓవర్‌హీట్ అవడం లేదు, నీళ్ళు తగ్గడం లేదు, రేడియేటర్ ఫ్యాన్ టైముకి తిరుగుతుంది, ఆగిపోయినప్పుడు కూడా ఫ్యాన్ తిరుగుతానే ఉంటుంది.

ఇంకోటి, దీనికి సంబంధం లేదనుకుంటా గానీ రాసేస్తా, ఇండికేటర్ వేస్తే పెట్రోల్ ముల్లు దాంతోపాటు ఊగుతుంది, రాత్రి హెడ్‌లైట్లు వేస్తే టెంపరేచర్ ముల్లు కొంచెం పైకి జరుగుతుంది. పాత మీటర్లు కదా అని వదిలేసినా.

మా మెకానిక్ ఇప్పుడు ఈసీఎం (స్పార్కూ పెట్రోలూ ఎప్పుడివ్వాలో చూసుకునే ఇంజన్ కంప్యూటర్) పోయింది అంటున్నాడు. ఆ ఈసీఎం ఎక్కడ దొరకాల, దొరికితే ఎంత చెప్తారో అని భయంగా ఉంది. ఏం చేయమంటారు?

రేణిగుంట_రైడర్

పెట్రోల్ పంప్ బ్రో. కళ్ళు మూసుకోని మార్చెయ్. హీట్ అయితే మోటర్ జామ్ అవుతుంది, చల్లారితే తిరుగుతుంది, క్లాసిక్ కేసు. పైగా ఇప్పుడు బంకుల్లో అంతా ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) కదా, ఇంత పాత బండికి అది పడదు.

పాలియో_తిరుపతి

బ్రో తొందరపడి పంప్ కొనొద్దు. ఈ20 వల్ల పాత రబ్బర్ పైపులు గట్టిబడి పగులుతాయి, ఆ భయం నిజమే, నువ్వు ఎట్లాగూ పైపులన్నీ ఒకసారి చేత్తో వంచి చూసుకో, పెట్రోల్ వాసన వస్తే అదే రోజు మార్పించు. కానీ పైపు పగిలితే ఇరవై నిమిషాలకి దానంతటదే అతుక్కోదు కదా.

నా అనుమానం క్రాంక్ సెన్సర్. రెనాల్ట్ ఇంజన్లలో ఇది గేర్‌బాక్స్ బెల్ హౌసింగ్ పైన ఉంటుంది, ఫ్లైవీల్ మీద పళ్ళని చదివి ఈసీఎంకి సిగ్నల్ ఇస్తుంది. ఆ సిగ్నల్ లేకపోతే ఇంజన్ తిరుగుతోందని ఈసీఎంకి తెలియదు, స్పార్కూ ఇవ్వదు పెట్రోలూ ఇవ్వదు. లోపల సన్నని రాగి తీగ చుట్ట ఉంటుంది, పాతబడితే వేడికి అది ఎక్కడో విడిపోతుంది, చల్లారితే మళ్ళీ తగులుకుంటుంది. నువ్వు చెప్పే లక్షణాలు దీనికి బాగా సరిపోతున్నాయి.

అసలు ముఖ్యమైనదేంటంటే బండి ఆగిపోయిన ఆ పదిహేను నిమిషాలే నీకు దొరికే టైము. ఇంటికొచ్చినాక, మెకానిక్ దగ్గర పెట్టినాక, ఏం చూసినా అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకని డిక్కీలో ఒక స్పేర్ ప్లగ్గు, ఒక తడిగుడ్డ, నీళ్ళ బాటిల్, చిన్న మల్టీమీటర్ పెట్టుకో. ఆగగానే ముందు కీ ఆన్ చేసి చెవి పెట్టు, ట్యాంక్ వైపు రెండు సెకండ్లు జుయ్ మని పంప్ శబ్దం రావాల. తర్వాత ఒక ప్లగ్ వైర్ ఊడదీసి స్పేర్ ప్లగ్గు తగిలించి ప్లగ్గు బాడీని ఇంజన్ ఇనుముకి ఆనించి పెట్టు, చేత్తో పట్టుకోవద్దు, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమను, స్పార్క్ ఉందా లేదా చూడు. స్పార్క్ ఉండి పంప్ మూగగా ఉంటే రైడర్ బ్రో చెప్పిందే కరెక్ట్. స్పార్క్ కూడా లేకపోతే క్రాంక్ సెన్సర్ మీద తడిగుడ్డ వేసి నీళ్ళు పోసి చల్లార్చు, వెంటనే స్టార్ట్ అయిందంటే దొంగ దొరికినట్టే.

ఆర్పీఎం ముల్లు పనిచేస్తుంటే ఇంకో ఆధారం కూడా ఉంది. గేర్‌లో పోతా ఉన్నప్పుడు కట్ అయితే, చక్రాలు ఇంజన్‌ని తిప్పుతానే ఉంటాయి కాబట్టి ముల్లు మెల్లగా దిగాల. టక్కున జీరోకి పడిపోయిందంటే సిగ్నల్ గానీ కరెంటు గానీ పోయినట్టు, పెట్రోల్ సమస్య కాదు.

చిత్తూరు_స్టార్మ్

పాలియో అన్నా చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం కావాలనే గాంధీ రోడ్డుకి తీసుకుపోయినా, దేవుడి దయ వల్ల ఆగిపోయింది (ఇట్లా మొక్కుకునే రోజు వస్తుందని అనుకోలేదు). కీ ఆన్ చేస్తే పంప్ శబ్దం వచ్చింది గానీ ఎప్పుడూ వచ్చేంత గట్టిగా లేదు, నీరసంగా ఉంది. స్పార్క్ చూస్తే సెల్ఫ్ కొట్టినప్పుడు ఒకటి రెండు సార్లు మెరిసి మాయమైంది. సెన్సర్ మీద గుడ్డ వేసి బాటిల్ నీళ్ళన్నీ పోసినా, తేడా లేదు. మీటర్ పెట్టి సెన్సర్ ఓమ్స్ చూస్తే వేడి మీద 230 దగ్గర ఉంది, ఇంటికొచ్చి చల్లగా ఉన్నప్పుడు చూస్తే కొంచెం తక్కువ, అంతే, ఎక్కడా తెగిపోలేదు. ఆర్పీఎం ముల్లు అయితే టక్కున పడిపోయింది.

అంటే స్పార్కూ సరిగ్గా లేదు, పంపూ సరిగ్గా లేదు. మా మెకానిక్‌కి ఇది చెప్తే చూసినావా ఈసీఎం అని నేను అప్పుడే చెప్పినా అంటున్నాడు.

రేణిగుంట_రైడర్

పంప్ నీరసంగా ఉందంటే పంపే కదా 🙂

పాలియో_తిరుపతి

పంప్ పోతే స్పార్క్ ఎందుకు పోతుంది రైడర్ బ్రో? రెండూ ఒకేసారి నీరసించినాయంటే రెండిటికీ పైన ఉండేది ఏదో తేడా కొడతా ఉంది. మెయిన్ రిలే, ఇగ్నిషన్ స్విచ్, వైరింగ్, వీటిల్లో ఏదో ఒకటి. ఇంక నాకంటే బాగా తెలిసినోళ్ళు చెప్పాల.

కరెంటాయన_పుత్తూరు

తమ్ముడూ, నేను ఆటో ఎలక్ట్రికల్ పని చేసి రిటైర్ అయినోణ్ణి, ఈ బండిని ఎప్పుడూ విప్పింది లేదు, కానీ నీ పోస్టులోనే జవాబు ఉన్నట్టుంది. అందరూ "హీట్ అయితే ఆగిపోతుంది" అని పట్టుకున్నారు. నువ్వు రాసింది అది కాదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ మంచి వేడి మీద ఉంటుంది, అప్పుడు ఆగడం లేదు. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ఆగుతుంది. నిలబడితే ఏమవుతుంది? గాలి తగలదు, రేడియేటర్ ఫ్యాన్ ఆన్ అవుతుంది. ఆగిపోయినాక కూడా ఫ్యాన్ తిరుగుతా ఉంటుందని నువ్వే రాసినావు. ఇరవై నిమిషాలకి రేడియేటర్ చల్లారి ఫ్యాన్ ఆగుతుంది, అప్పుడు బండి స్టార్ట్ అవుతుంది. వేడికి కాదు నాయనా, ఫ్యాన్‌కి ఆగుతా ఉంది నీ ఇంజన్.

ఇండికేటర్ వేస్తే పెట్రోల్ ముల్లు ఊగడం, హెడ్‌లైట్ వేస్తే టెంపరేచర్ ముల్లు జరగడం, అది సంబంధం లేని విషయం అన్నావు చూడు, నా లెక్కలో నీ పోస్టు మొత్తానికి అదే అసలు వాక్యం. ఒక దానికి స్విచ్ వేస్తే ఇంకోటి కదిలిందంటే ఆ రెండూ వాడుకునే ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగిపోయే దారి, సరిగ్గా లేదు.

మామూలు బండిలో బాడీ అంతా ఇనుమే కాబట్టి ఎక్కడ స్క్రూ వేసినా ఎర్త్ దొరుకుతుంది. ఒక చోట తుప్పు పట్టినా ఇంకో దారిలో పోతుంది. నీది ఫైబర్ బాడీ. ఫైబర్‌లో కరెంటు పారదు. లైటు గానీ, ఫ్యాను గానీ, ఈసీఎం గానీ, ప్రతిదానికీ ఎర్త్ వైరు విడిగా లాగి ఛాసిస్ మీద ఒకటి రెండు చోట్ల కలిపి బిగించి ఉంటారు. చేనుకి పోయే నీళ్ళన్నిటికీ ఒకే తూము అయితే ఆ తూములో చెత్త అడ్డం పడితే ఏమవుతుందో అదే ఇక్కడా అవుతుంది. ఫ్యాన్ స్టార్ట్ అయ్యే క్షణంలో మోటరు మామూలు కంటే రెండు మూడింతల కరెంటు లాగుతుంది. ఆ కరెంటు అంతా చెడిపోయిన ఆ జాయింట్ గుండా బ్యాటరీకి తిరిగి రావాల, రాలేక అక్కడ వోల్టేజ్ లేస్తుంది, దాని మీదే ఉండే ఈసీఎంకి 12 వోల్టులు అందవు. రోడ్డు మీద పోతా ఉంటే డైనమో గట్టిగా ఇస్తా ఉంటుంది కాబట్టి ఎట్లో నెట్టుకొస్తుంది, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు) అది తక్కువ, అందుకే నీకు ఒకరోజు అవుతుంది ఒకరోజు కాదు. ఇంక ఆగినాక సెల్ఫ్ కొడితే బ్యాటరీ పదిన్నరకో ఎంతకో పడిపోతుంది, ఫ్యాన్ ఇంకా తిరుగుతా ఉంటే ఈసీఎంకి మిగిలేది ఏముంది? సెల్ఫ్ మాత్రం ఎందుకు బాగా తిరుగుతుందంటే దాని ఎర్త్ వేరే, ఇంజన్ నుంచి బ్యాటరీకి లావుపాటి పట్టీ ఉంటుంది.

నమ్మొద్దు, చూడు. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఐడిల్‌లో పెట్టు. రేడియేటర్‌కి ఉండే ఫ్యాన్ స్విచ్ కనెక్టర్ ఊడదీసి అందులో రెండు పిన్నులూ ఒక వైరు ముక్కతో కలుపు, ఫ్యాన్ తిరుగుతుంది. చేతులు ఫ్యాన్‌కి దూరంగా పెట్టు, లుంగీ తువ్వాలు లాంటివి దగ్గరికి రానీకు. హెడ్‌లైట్లు కూడా వెయ్యి. చల్లటి ఇంజన్ అప్పుడు ఆగిపోతే వేడికి ఈ జబ్బుతో సంబంధం లేదని నీకే తెలిసిపోతుంది.

తర్వాత మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టు. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోస్టు మీద, క్లాంప్ మీద కాదు, సీసం పోస్టు మీద. ఎర్ర ప్రోబ్ ముందు ఇంజన్ ఇనుము మీద, తర్వాత ఈసీఎం ఎర్త్ వైరు మీద, ఆ తర్వాత ఫ్యాన్ ఎర్త్ వైరు మీద. అన్నీ ఆన్‌లో ఉన్నప్పుడే చూడాల, ఆఫ్‌లో చూస్తే ఎంత కుళ్ళిపోయిన జాయింట్ అయినా సున్నా చూపిస్తుంది, అందుకే చాలామంది దీన్ని పట్టుకోలేరు. ఓమ్స్ పెట్టి చూడటం కూడా ఇక్కడ పనికిరాదు, ఒక్క తీగ పోగు తగులుతున్నా ఓమ్స్‌లో బాగున్నట్టే కనిపిస్తుంది, కరెంటు పారినప్పుడే దాని బండారం బయటపడుతుంది. 0.2 వోల్టుల లోపల ఉంటే మంచిది. అంతకంటే బాగా ఎక్కువుంటే ఆ వైరు పట్టుకోని ఎక్కడ ముగుస్తుందో అక్కడికి పో.

ఈసీఎం మాట ఇప్పుడు ఎత్తొద్దు.

చిత్తూరు_స్టార్మ్

సార్ మీకు దండం పెట్టాల. ఈరోజు పొద్దున కాఫీ కూడా తాగకుండా పోయి చూసినా. చల్లటి ఇంజన్, స్టార్ట్ చేసి లైట్లు వేసినా, ఏమీ కాలేదు, ఐడిల్ మాత్రం కొంచెం కిందికి దిగింది. ఫ్యాన్ కనెక్టర్‌లో వైరు ముక్క పెట్టినానో లేదో, ఫ్యాన్ గిర్రున లేచింది, ఇంజన్ అదే దగ్గు దగ్గి టక్కున ఆఫ్. వైరు తీసేసి సెల్ఫ్ కొడితే వెంటనే స్టార్ట్. మళ్ళీ పెట్టినా, మళ్ళీ ఆఫ్. ఇన్నాళ్ళూ ఎప్పుడొస్తుందో తెలియని జబ్బు ఇప్పుడు నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తా ఉంది, అదే పెద్ద సంతోషం.

మీటర్ రీడింగులు: ఇంజన్ ఇనుము మీద 0.08. ఈసీఎం ఎర్త్ మీద లైట్లతో 0.9, యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టుకోని ఫ్యాన్ వేస్తే ఆగిపోకుండా నిలబడింది, అప్పుడు చూస్తే 2.4. ఫ్యాన్ లేచే క్షణంలో అంకెలు ఎక్కడికో ఎగిరి దిగినాయి, కంటికి అందలేదు. ఫ్యాన్ ఎర్త్ మీద కూడా అదే 2.4, అంటే రెండూ ఒకే చోటికి పోతున్నాయి.

వైరు పట్టుకోని పోతే ముందు కుడి వీల్ ఆర్చ్ వెనకాల ఛాసిస్ మీద ఒకే ఒక్క బోల్టు, దాని కింద మూడు లగ్గులు (వైరు చివర ఉండే రింగులు) ఒకదాని మీద ఒకటి. బోల్టు 10 నంబర్ పానాతో తిప్పితే అసలు బిగుతే లేదు, వేళ్ళతోనే వచ్చేసింది. లగ్గులు తీసి చూస్తే కింద ఛాసిస్ మీద నిగనిగలాడే ఎర్ర పెయింట్. బండి రంగు పెయింటే! పెయింటింగ్ చేసినోళ్ళు ఎవరో గానీ బోల్టు తీసి ఛాసిస్‌కి కూడా రంగు కొట్టి దాని మీదే లగ్గులు బిగించేసినారు. ఇనుము తగిలేది బోల్టు మరల దగ్గర మాత్రమే, అక్కడ తుప్పు. కింది లగ్గు రాగి పచ్చగా పొడి పొడిగా రాలతా ఉంది, చుట్టూ ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకి తిరిగింది. అంటే ఆ ముత్యం లాంటి పెయింటే నా కొంప ముంచింది.

ఇప్పుడు ఏం చేయాల సార్? ఉప్పు కాగితంతో రుద్దేసి బిగించేస్తే చాలా?

కరెంటాయన_పుత్తూరు

రుద్దడం సరే, రుద్ది వదిలేస్తే రెండు వానాకాలాలకి మళ్ళీ వస్తావు. ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్. ఛాసిస్ మీద రూపాయి బిళ్ళంత మేర పెయింట్ గీకేసి తెల్లటి ఇనుము కనిపించేదాకా రుద్దు. కరిగిన లగ్గు కత్తిరించి, వైరు లోపల కూడా పచ్చబడి ఉంటే మంచి రాగి వచ్చేదాకా వెనక్కి కోసి, కొత్త లగ్గు క్రింప్ చేయించు. ఫ్యాన్ ఎర్త్, ఈసీఎం ఎర్త్ ఒకే బోల్టు మీద వద్దు, ఫ్యాన్‌కి వేరే బోల్టు వెయ్యి. ఈసీఎం ఎర్త్ దగ్గర నుంచి 6 స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఒకటి బ్యాటరీ మైనస్‌కి నేరుగా లాగు, హౌస్ వైరింగ్ షాపుల్లో దొరికే ఫ్లెక్సిబుల్ వైరే చాలు, ఇంజన్ వేడి తగలని దారిలో తీసుకుపో. పళ్ళ వాషర్ వేసి గట్టిగా బిగించు. బిగించినాక పైన వ్యాజలీన్ పూయి, బిగించక ముందు కాదు.

ఇదే పెయింటర్ వెనకాల వైపు కూడా ఇట్లాంటి పనే చేసి ఉంటాడు, టెయిల్ ల్యాంపులు, పెట్రోల్ పంప్ ఎర్త్ కూడా ఇప్పుడే చూసేయ్.

కాణిపాకం_క్రూజర్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు సార్. నాది మామూలు ఇనుప బాడీ పాత బండి, ఏసీ వేస్తే హెడ్‌లైట్ డల్ అవుతుంది, బండి ఆగదు. నేను కూడా ఇదే చూడాలా?

కరెంటాయన_పుత్తూరు

ఇనుప బాడీ అయితే ముందు బ్యాటరీ దగ్గరే ఇంజన్ నడుస్తా ఉండగా వోల్టేజ్ చూడు. ఏసీ, లైట్లు వేసినాక కూడా పదమూడున్నర పైన నిలబడితే డైనమో బాగున్నట్టు, అప్పుడు ఇదే పద్ధతిలో వైర్లు వెతుకు. అంతకంటే బాగా దిగిపోతే డైనమో, బెల్టు చూపించు. రెండూ కలిపి పార్టులు కొనేయొద్దు.

చిత్తూరు_స్టార్మ్

అన్నీ మీరు చెప్పినట్టే చేసినా సార్, లగ్గులు మాత్రం దర్గా సర్కిల్ దగ్గర ఒక వైండింగ్ షాపులో క్రింప్ చేయించినా. వెనకాల టెయిల్ ల్యాంపు ఎర్త్ కింద కూడా అదే ఎర్ర పెయింట్! ఇప్పుడు లైట్లు, ఫ్యాన్, బ్లోయర్ అన్నీ వేసి ఐడిల్‌లో చూస్తే ఈసీఎం ఎర్త్ మీద 0.05. నిన్న మిట్టమధ్యాహ్నం ఎండలో గాంధీ రోడ్డులో కావాలనే నిలబెట్టి ఫ్యాన్ తిరిగి ఆగి మళ్ళీ తిరిగేదాకా కూర్చున్నా, ఇంజన్ కదల్లేదు మెదల్లేదు. టెంపరేచర్ ముల్లు కూడా లైట్లకి జరగడం మానేసింది. పెట్రోల్ ముల్లు మాత్రం మలుపుల్లో ఇంకా ఊగుతా ఉంది, ఇండికేటర్ వేస్తే కాదు, మలుపు తిరిగితే.

కరెంటాయన_పుత్తూరు

మలుపులో ఊగేది ట్యాంకులో పెట్రోలు, దాంతోపాటు ముల్లుని కదిలించే ఫ్లోటు (పెట్రోల్ మీద తేలే బుడగ). దాన్ని వదిలెయ్.

పాలియో_తిరుపతి

సూపర్ సార్. స్టార్మ్ బ్రో, తీసేసిన పాత కాయిల్ పారెయ్యలేదు కదా? అది మంచిదే అయి ఉంటుంది, చుట్టి డిక్కీలో స్పేర్‌గా పెట్టుకో, మళ్ళీ పుదుపేట తిరగక్కర్లేదు.

చిత్తూరు_స్టార్మ్

మెకానిక్ షెడ్డులోనే వదిలేసి వచ్చినా అన్నా. రేపు పొద్దున్నే పోయి అడుగుతా, ఎవరికైనా వేసేసి ఉంటే తప్ప.